మొవ్వు బతికితే మొక్క బతికినట్టే

సింగపూర్‌లో కూర్చుని చలికాలంలో మొక్కలను ఎలా కాపాడుకోవాలో రాయడమేమిటని చదువరులు నవ్వుకోవచ్చు. ఇక్కడ పన్నెండు నెలలూ ఒకే ఉక్క, ఒకే పచ్చదనం, చెప్పాపెట్టకుండా వచ్చే వాన. సినిమా హాలుకు వెళ్లేటప్పుడు తప్ప స్వెట్టరు గుర్తుకే రాదు. అయినా ఈ విషయం మన బడి సంచికలో ఉండదగినదేనని నా అభిప్రాయం.

కారణాలు మూడు. తెలుగు బడికి పిల్లలను పంపే కుటుంబాల్లో కొన్ని ఏటా లండన్‌కో, మెల్‌బోర్న్‌కో, టొరంటోకో, న్యూజెర్సీకో మారిపోతుంటాయి. అక్కడి కొత్త ఇంట్లోకి ముందుగా వచ్చే వస్తువుల్లో ఒక కుండీలోని పామ్ మొక్క కూడా ఉంటుంది. కొబ్బరాకును తలపించే ఆ నాలుగు ఆకులు చూస్తే ప్రాణం లేచొస్తుంది కదా! చాలా ఇళ్లలో ఆ మొక్క మొదటి చలికాలం దాటదు. ఇది మొదటి కారణం. సింగపూర్ వీధుల్లో చలి లేకపోయినా మన పడకగదుల్లో ఏసీ రూపంలో ఉంది, డిసెంబరు, జనవరి వానల్లో కూడా కొంత ఉంది. ఇది రెండో కారణం. మూడోది పిల్లలకూ, తెలుగుకూ సంబంధించినది. అది చివర చెబుతాను.

నేను చెప్పదలచుకున్నది ఒక్క మాటలో ఇది. చిన్న పామ్ మొక్క ప్రాణం దాని ఆకుల్లో లేదు, మొవ్వులో ఉంది. చలి వచ్చినప్పుడు ఆకులు పోయినా సరే, మొవ్వు దక్కితే చాలని తెలిసినవారి చేతిలో మొక్క బతుకుతుంది. ఆకులు చూసి కంగారుపడి నీళ్లు, ఎరువులు, కత్తెర పట్టుకొచ్చేవారి చేతిలో చచ్చిపోతుంది.

క్రాంజీలో మన చుట్టాలు

పిల్లలూ! తాడి, కొబ్బరి, ఈత, ఖర్జూరం, పోక, జీలుగు, ఇవన్నీ ఒకే కుటుంబపు చెట్లని మీకు తెలుసా? వీటన్నిటినీ కలిపి ఇంగ్లీషులో పామ్ అంటారు. మన క్రాంజీ పేరు కూడా ఒక చెట్టు నుంచి వచ్చిందే. కెరంజి అనే ఆ చెట్టు పామ్ కాదు, మన చింతచెట్టుకు బంధువు. అయితే పామ్ కుటుంబాన్ని చూడాలంటే క్రాంజీ నుంచి ఎంతో దూరం వెళ్లనక్కరలేదు. సుంగై బులో చిత్తడి నేలలకు ఒక ఆదివారం పొద్దున్నే వెళ్లండి. 1993లో ప్రకృతి ఉద్యానంగా తెరిచిన ఈ చోటును 2002లో ప్రభుత్వం రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. అక్కడ ఉప్పునీటి బురదలో నీపా అనే పామ్ కనిపిస్తుంది. దానికి నిలువెత్తు మాను ఉండదు. కాండం బురదలోనే పడుకుని ఉంటుంది, ఆకులు మాత్రం పైకి లేస్తాయి. పూర్వం ఇక్కడి మలయ్ పల్లెల్లో ఇళ్లకు కప్పిన అటాప్ ఆ ఆకే. మన పల్లెల్లో తాటాకు ఇళ్లు గుర్తున్నవారికి వేరే చెప్పనక్కరలేదు. హాకర్ సెంటర్లో ఐస్ కచాంగ్ తింటున్నప్పుడు తెల్లగా, మెత్తగా పంటికి తగిలే అటాప్ చీ ఆ నీపా కాయలోని గింజే. మన తాటి ముంజకు అది వరసకు చెల్లెలు.

ఇళ్ల ముందు, రోడ్ల పక్కన ఎర్రటి కాడలతో గుంపుగా పెరిగే లిప్‌స్టిక్ పామ్‌ను మీరందరూ చూసే ఉంటారు. సింగపూర్ బొటానిక్ గార్డెన్స్ తన చిహ్నంగా పెట్టుకున్నది దాన్నే. ఆ తోటలో పామ్ చెట్ల కోసమే ప్రత్యేకంగా ఒక లోయ ఉంది. 1879 నుంచి అక్కడ ఎన్నో దేశాల పామ్‌లు పెంచుతున్నారు. చేపతోకలాంటి ఆకులున్న పామ్ ఒకటి ఇక్కడి అడవుల్లో, పార్కుల్లో కనిపిస్తుంది. అది మన మన్యంలో కల్లు గీసే జీలుగు చెట్టుకు దగ్గరి చుట్టం. ఒక హెచ్చరిక: విసనకర్రలా విప్పుకుని నిలబడే ట్రావెలర్స్ పామ్ పేరుకే పామ్, అది అరటికి దగ్గర. కుండీల్లో సేగో పామ్ పేరుతో అమ్మేది కూడా పామ్ కాదు.

మొవ్వు అంటే ఏమిటి?

మామిడి కొమ్మ నరికితే పక్క నుంచి చిగురు వస్తుంది. జామ, వేప, గులాబీ కూడా అంతే. కొబ్బరి తల నరికితే? అంతే సంగతులు. పామ్ కాండంలో కొత్త ఆకులు పుట్టే చోటు ఒక్కటే ఉంటుంది, తల మధ్యలో, ఆకుల మొదళ్ల నడుమ దాగి. దాన్నే మన పెద్దలు మొవ్వు అన్నారు. అరెకా పామ్ లాంటి గుంపు మొక్కలు మొదట్లోంచి కొత్త పిలకలు వేయగలవు గాని, మొవ్వు పోయిన కాండం మాత్రం తిరిగి లేవదు. కొబ్బరి, తాడి లాంటి ఒంటికాండపు చెట్లకు ఆ పిలకల భాగ్యం కూడా లేదు. మానుకు గాయం తగిలితే మామిడిలా బెరడు పెంచి పూడ్చుకునే శక్తి కూడా పామ్‌కు లేదు. ఆ గాయం ఎప్పటికీ అలాగే ఉండిపోతుంది.

ఇంకో సంగతి ఉంది. ఈ రోజు మనకు కనిపించే ఆకు ఈ రోజు పుట్టినది కాదు. ఎన్నో నెలల ముందే మొవ్వులో చిన్న రూపంలో తయారై, లోపల వరసలో నిలబడి, తన వంతు వచ్చాక బయటికి వస్తుంది. కాబట్టి జనవరి చలిలో లోపల దెబ్బ తిన్న లేత ఆకు ఏ మే నెలలోనో, జూన్‌లోనో ముడుచుకుని, చిరిగి బయటపడుతుంది. అప్పుడు మనం కంగారుపడి ఎరువు వేస్తాం. జరిగింది ఎప్పుడో, మందు వేసేది ఇప్పుడు! పామ్ పెంచేవారికి ముందు కావలసింది ఓపిక అని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కరలేదు.

చలి కంటే తడి ప్రమాదం

కోనసీమ రైతులకు మొవ్వుకుళ్ళు తెగులు బాగా తెలుసు. వానలు ఎక్కువై, గాలిలో తేమ నిండి, వేడి తగ్గిన రోజుల్లో ఫైటోఫ్తొరా అనే సూక్ష్మజీవి కొబ్బరి మొవ్వులో చేరుతుంది. ముందు నడిమి ఈటె ఆకు రంగు తప్పి వాడుతుంది. పట్టుకుని లాగితే ఊడి చేతికొస్తుంది, మొదట్లో కుళ్ళు వాసన వేస్తుంది. లేత మొక్కల్లో ఇది మరీ ప్రమాదం. తొందరగా గుర్తిస్తే కుళ్ళిన భాగం తీసేసి, బోర్డో పేస్టు పూసి, వాన నీళ్లు మళ్లీ దిగకుండా పైన కప్పి కాపాడతారు. తెగులు లోపలికి దిగితే చెట్టును వదులుకోవలసిందే. అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానంలో కొబ్బరి మీద ఏళ్ల తరబడి పని జరుగుతోంది. గంగబొండం తండ్రిగా, తూర్పుతీరపు పొడవు రకం తల్లిగా గోదావరి గంగ అనే సంకరం వచ్చింది అక్కడి నుంచే. అలాంటి కొబ్బరి సీమలో కూడా రైతు ముందుగా చూసేది మొవ్వునే.

లండన్ అయినా, న్యూజెర్సీ అయినా ఇదే సూత్రం. పొడి చలిని కొంతవరకు ఓర్చుకునే మొక్క, మొవ్వులో నీళ్లు నిలిచి ఆ పైన చలి తగిలితే తట్టుకోలేదు. చలికాలంలో వేరు నీళ్లు తాగడం చాలా తగ్గిపోతుంది. ఆకు కొస ఎండిందని మనం రోజూ చెంబుడు నీళ్లు పోస్తాం. మట్టి ఆరదు, వేరు కుళ్ళుతుంది, కుళ్ళిన వేరు నీళ్లు తీసుకోలేక ఆకు ఇంకా ఎండుతుంది, మనం ఇంకా నీళ్లు పోస్తాం. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు అవుతుంది.

ఏ చోటికి ఏ మొక్క

ఇక్కడ నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. చలిదేశాల దుకాణాల్లో మొలకెత్తిన కొబ్బరికాయను కుండీలో పెట్టి అమ్ముతారు. కాయ సగం బయటికి, పైన రెండు మూడు ఆకులతో ఎంతో ముచ్చటగా ఉంటుంది. తెలుగువాడు దాన్ని చూసి కొనకుండా రావడం కష్టమే! కాని ఆ మొక్క ఒక ఏడాది పాటు కాయలో ఉన్న తిండి తిని బతుకుతుంది. ఆ తిండి అయిపోయాక దానికి కావలసినంత ఎండ, వేడి, గాలిలో తేమ అక్కడి ఇంట్లో దొరకవు. కొబ్బరి 27 డిగ్రీల దగ్గర హాయిగా పెరిగే చెట్టు. పది డిగ్రీల చలిలో వారాల తరబడి ఉంచితే పెరగడం మానేసి పసుపెక్కుతుంది, మంచు కురిస్తే లేత మొక్క దక్కదు. మన ఊరి జ్ఞాపకం కోసం ఒక ప్రాణిని అది బతకలేని చోట ఉంచడం న్యాయమేనా? ఆలోచించండి. లిప్‌స్టిక్ పామ్ సంగతి ఇంకా సున్నితం. 15 డిగ్రీల లోపు చలి కూడా దానికి పడదు. దాన్ని సింగపూర్‌లోనే చూసి ఆనందిద్దాం.

అలాగని చలిని ఓర్చే పామ్‌లు లేవా అంటే చాలా ఉన్నాయి. చైనా కొండల నుంచి వచ్చిన విండ్‌మిల్ పామ్‌ను రాబర్ట్ ఫార్చూన్ అనే మొక్కల వేటగాడు 1849లో ఇంగ్లండుకు పంపించాడు. ఈనాటికీ బ్రిటన్ తోటల్లో ఆరుబయట మంచులో నిలబడి ఉంటుంది అది. బాగా వేళ్లూనుకుంటే సున్నా కంటే పది డిగ్రీలు కిందికి దిగినా తట్టుకుంటుంది. అమెరికా ఆగ్నేయ ప్రాంతపు నీడిల్ పామ్ ఇంకా గట్టిది. ఇంట్లోనే పెంచాలనుకుంటే పార్లర్ పామ్, లేడీ పామ్ మంచివి. అవి తక్కువ వెలుతురుతో సర్దుకుంటాయి. మనం పోక అనుకుని మోసపోయే అరెకా పామ్ నిజానికి మడగాస్కర్ మొక్క. దానికి గది 13 డిగ్రీలకు తగ్గకుండా చూడాలి.

మన వైపు చెట్లలో కూడా చలికి జంకనివి ఉన్నాయి. పాడేరు, అరకు, చింతపల్లి మన్యంలో డిసెంబరు, జనవరి నెలల్లో గడ్డకట్టే చలి వస్తుంది. లంబసింగిలో సున్నా దగ్గరికి దిగిన రోజులున్నాయి. ఆ మన్యంలోనే జీలుగు చెట్టు పెరుగుతుంది, గిరిజనులకు కల్లు ఇస్తుంది. ఇక ఈత చెట్టు సంగతి చూడండి. బెంగాల్‌లో చలికాలం వస్తేనే ఈతను గీస్తారు. చలి ముదిరిన కొద్దీ ఆ నీరా తియ్యగా ఉంటుందని వాళ్ల నమ్మకం. ఆ నీరాతో చేసే కొత్త బెల్లం కోసం ఊరంతా ఎదురుచూస్తుంది. ఒకే కుటుంబంలో పుట్టినా కొబ్బరికి పడనిది ఈతకు పండగ!

ఒక మనవి. దేశాలు మారేటప్పుడు మొక్కలను, విత్తనాలను సూట్‌కేసులో దాచి తీసుకెళ్లకండి. ప్రతి దేశానికీ అనుమతులు, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రాలు ఉన్నాయి. అవి ఊరికే పెట్టినవి కావు. కొబ్బరి మొవ్వును తొలిచే కొమ్ము పురుగు మన ఆసియాది. 1909లో రబ్బరు మొక్కలతో పాటు సిలోన్ నుంచి సమోవా దీవులకు చేరింది. అక్కడి నుంచి పసిఫిక్ దీవులు ఎన్నిటినో పట్టుకుంది. 2007లో గువామ్‌లో, 2013లో హవాయిలో కూడా కనిపించింది. తెలియక మోసుకెళ్లిన ఒక పురుగు ఇంకొకరి దేశపు చెట్ల మొవ్వులు తినేస్తుంది. వెళ్లిన చోటే, అక్కడి నర్సరీలో కొనుక్కోవడం అన్నివిధాలా మంచిది.

చలికాలంలో చేయవలసినవి, చేయకూడనివి

చలి రాకముందు, ఎండలు ఉన్నప్పుడే కుండీ మార్చాలి. చలి మొదలయ్యాక వేరును కదపకూడదు. కుండీకి కింద చిల్లులు తప్పనిసరి. మట్టి వేలికి పొడిగా తగిలాకే నీళ్లు పోయాలి, అదీ పొద్దున పూట, గోరువెచ్చగా, మొక్క మొదట్లో. తల మీద పోయకూడదు. చలిలో ఎరువు వద్దు. ఎదగని మొక్కకు ఎరువు వేస్తే ఆకలి లేనివాడికి విందు పెట్టినట్టు. కిటికీ అద్దానికి ఆకు తగలకుండా, హీటరు గాలి నేరుగా కొట్టకుండా, వెలుతురు మాత్రం బాగా వచ్చే చోట పెట్టాలి.

ఆరుబయట నాటిన మొక్కకైతే మొదట్లో నాలుగు అంగుళాల మందాన ఎండుటాకులు, గడ్డి పరచాలి. మంచు కురుస్తుందన్న రాత్రి ఆకులను పైకి లేపి మెత్తటి తాడుతో కట్టి, పాత దుప్పటితోనో గోనెగుడ్డతోనో చుట్టాలి. ప్లాస్టిక్ ఆకుకు అంటుకునేలా చుట్టకూడదు. లోపల చెమ్మ పట్టి మొవ్వు కుళ్ళుతుంది. కొందరు పాతకాలపు క్రిస్మస్ బల్బుల తీగను లోపల చుడతారు. వాటి కాస్త వేడి లేత మొక్కకు చాలు. తెల్లారి ఎండ రాగానే విప్పేయాలి. వారాల తరబడి మూసి ఉంచితే చలి నుంచి కాపాడి ఊపిరాడకుండా చేసినట్టు.

చలి తగ్గాక అన్నిటికంటే కష్టమైన పని ఒకటుంది. అదేమిటంటే ఏమీ చేయకపోవడం! మాడిన ఆకులు చూడలేక కోసేస్తాం. కోయకండి. సగం మాడిన ఆకులోని మిగతా సగం ఇంకా పని చేస్తూనే ఉంటుంది. అడుగు ఆకులు పసుపెక్కినప్పుడు జరిగేది ఇంకా విచిత్రం. పొటాష్ తక్కువైనప్పుడు పామ్ మొక్క పాత ఆకుల్లో ఉన్న పొటాష్‌ను వెనక్కి తీసుకుని కొత్త ఆకుకు పంపుతుంది. పాత ఆకు పసుపెక్కడం అంటే తన సారాన్ని మొవ్వుకు ధారపోయడమే. అందంగా లేదని దాన్ని కోసేస్తే మొక్క పై ఆకు నుంచి తీసుకోవడం మొదలుపెడుతుంది. పూర్తిగా ఎండి గోధుమరంగుకు తిరిగేదాకా ఉంచండి. మొక్క చచ్చిందని పారేయడానికి ముందు ఎండాకాలం అంతా ఆగండి. నడిమి ఈటె గట్టిగా ఉంటే, లాగినా రాకపోతే, ఆశ ఉన్నట్టే.

సింగపూర్ ఇళ్లలో

ఇప్పుడు మన ఇంటి సంగతి. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. పిల్లలూ, ఒక చిన్న సీసాలో కొబ్బరి నూనె పోసి మీ గదిలో మొక్క పక్కన పెట్టండి. తెల్లారేసరికి తెల్లగా గడ్డకట్టిందా? అయితే ఆ చోటు మీ మొక్కకు మరీ చల్లగా ఉండకపోయినా, 24 డిగ్రీల కంటే చల్లబడిందన్నమాట. ఏసీ గాలిలో తేమ తక్కువ. ఆకు కొసలు ముందు గోధుమరంగుకు తిరిగేది అందుకే. కుండీని గాలి దారి నుంచి పక్కకు జరిపితే చాలు.

ఈశాన్య రుతుపవనాల్లో, ముఖ్యంగా డిసెంబరు, జనవరిల్లో రోజుల తరబడి ముసురు పడుతుంది. 2018 జనవరిలో 22 డిగ్రీల కంటే కిందికి కూడా దిగింది. అది పామ్‌ను బాధించే చలి కాదు గాని, ఎండ లేక, మట్టి ఆరక తెగుళ్లు వచ్చేది అప్పుడే. సరిగ్గా అదే సమయంలో మనం బడి సెలవులకు ఇండియా వెళ్తాం. వెళ్లేముందు కుండీ కింద పళ్లెం నిండా నీళ్లు పోసి వెళ్లడం రెండు విధాల తప్పు. వేరు కుళ్ళుతుంది, డెంగ్యూ దోమలు పుడతాయి. పక్కింటివారికి తాళం ఇచ్చి వారానికి ఒకటి రెండు సార్లు చూడమనడం మేలు. హెచ్‌డీబీ ఇంటి పిట్టగోడ మీద కుండీలు పెట్టవద్దని మళ్లీ చెప్పనక్కరలేదు. కింద నడిచేవారి ప్రాణాలు మొక్క కంటే ముఖ్యం.

మూడో కారణం

ఇన్ని పామ్ కబుర్లు చెప్పి తెలుగు బడి సంచికలో తెలుగు మాట ఎత్తకపోతే ఎలా?

సింగపూర్ బడుల్లో మాతృభాషగా తమిళం ఉంది. దానికి తోడు బెంగాలీ, గుజరాతీ, హిందీ, పంజాబీ, ఉర్దూ తీసుకునే వీలుంది. తెలుగు ఆ జాబితాలో లేదు. మన పిల్లలు బడిలో తమిళమో హిందీయో నేర్చుకుంటారు. మంచిదే, ఇంకో భాష వస్తుంది. కాని తెలుగుకు మిగిలేది ఇల్లు, వారానికి ఒకసారి ఈ తెలుగు బడి. ప్రైమరీ ఆరో తరగతిలో పీఎస్‌ఎల్‌ఈ పరీక్ష. అది దగ్గరపడే కొద్దీ ట్యూషన్లు పెరుగుతాయి, శనాదివారాలు కరిగిపోతాయి, ముందుగా ఆగిపోయేది తెలుగు తరగతి. పరీక్ష అయ్యాక మళ్లీ పంపిద్దాంలే అనుకుంటాం. తిరిగి వచ్చే పిల్లలు తక్కువ.

తల్లిదండ్రులను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. పరీక్ష ఒత్తిడి నిజమైనదే. నేననేది ఒక్కటే. పరీక్ష సంవత్సరం మన పిల్లల తెలుగుకు చలికాలం. చలికాలంలో మొక్కను పీకేయం. నీళ్లు తగ్గిస్తాం, ఎరువు ఆపుతాం, మొవ్వును మాత్రం కాపాడతాం. ఆ ఏడాది పద్యాల పోటీ వద్దు, డిక్టేషన్ వద్దు, గుణింతాల మార్కులు వద్దు. ఒత్తులు తప్పు రాస్తే రాయనివ్వండి. "నేను చేశాను" అనాల్సిన చోట "నేను చేసింది" అన్నా దిద్దకండి. అవన్నీ ఆకులు, మళ్లీ వస్తాయి. ఇంట్లో రోజూ పది నిమిషాలు తెలుగులో మాట్లాడుకోవడం మాత్రం మానకండి. అది మొవ్వు. అన్నం తినేటప్పుడు ఆ పది నిమిషాలు దొరుకుతాయి, బడి నుంచి వచ్చి బూట్లు విప్పేటప్పుడు దొరుకుతాయి. ఈ బడి నిర్వాహకులకు కూడా నా సూచన ఇదే. పరీక్ష రాసే పిల్లల కోసం ఇంటిపని లేని, పరీక్ష లేని, నెలకు ఒకటి రెండు సార్లు వచ్చి కబుర్లు చెప్పుకుని వెళ్లే తరగతి ఒకటి పెట్టండి. బడి రిజిస్టరులో పేరు ఉంటే పిల్ల మళ్లీ వస్తుంది.

పాత ఆకుల సంగతి కూడా మరవకండి. పిల్లలను చూడటానికి ఊరి నుంచి వచ్చే అమ్మమ్మలు, తాతయ్యలు, నాయనమ్మలు ఇంట్లో ఉన్న కొద్దివారాల్లో పిల్లలకు ఇచ్చేది ఏ పుస్తకమూ ఇవ్వలేదు. వాళ్లకు ఇంగ్లీషు రాదని పిల్లలకూ వాళ్లకూ మధ్య మనం అనువాదకులుగా నిలబడవద్దు. తంటాలు పడి ఒకరికొకరు చెప్పుకోనివ్వండి.

చివరిగా తేగ గురించి ఒక మాట. సంక్రాంతి రోజుల్లో కుంపట్లో కాల్చిన తేగలు తిన్నవారికి తెలుసు, తాటి టెంకను పాతరేస్తే మొలక పైకి రాదు, ముందు కిందికి పోతుంది. అడుగు, అడుగున్నర లోతుకు దిగి, అక్కడ నేల చాటున మొవ్వును దాచుకుని, ఆ తర్వాతే ఆకును పైకి పంపుతుంది. పైకి చూసేవారికి నెలల తరబడి ఏమీ కనిపించదు. ఆకు వచ్చాక కూడా మాను లేవడానికి ఎన్నో ఏళ్లు పడుతుంది, అన్నేళ్లూ తాడి మట్టిలోనే తన లావు సమకూర్చుకుంటుంది. మన పిల్లలు "నాకు తెలుగు రాదు" అని ఇంగ్లీషులో చెబుతూనే అమ్మ చెప్పే ప్రతి మాటా అర్థం చేసుకుంటున్నారు కదా. ఆ మొక్క నేల కింద ఉంది. తవ్వి చూడకండి, తొందరపడకండి, ఎండిపోయిందని పారేయకండి. రోజుకు పది నిమిషాల నీళ్లు పోస్తూ ఉండండి.